సున్నాకి ఎంత దూరం

ట్రెమోలో అన్న పేరే తప్పు.
ఊగేది శబ్దం కాదు, శ్రుతి.
నూజివీడు మామయ్యకి చూపిస్తే
"ఓస్, గమకానికి ఇనపకడ్డీయా?" అని
వక్క నోట్లో వేసుకున్నాడు.
ఆయన వీణల మీద ఆ పని వేలు చేస్తుంది.

గవర్నర్‌పేట, ఏలూరు కాలవ పక్క సందు,
జిరాక్స్ షాపు మీద నా గది.
మే నెల. గోడ ముట్టుకుంటే చెయ్యి వెనక్కొస్తుంది.
బల్ల మీద మూడు గిటార్లు బోర్లా,
వీపు పలకలు విప్పేసి.

మొదటిది పాతకాలప్పద్ధతి:
ముందు ఆరు మరలు, వెనక అయిదు స్ప్రింగులు.
తీగలు ఇటు గుంజుతాయి, స్ప్రింగులు అటు.
నడుమ బ్రిడ్జి,
ఏ పక్షమూ తేల్చని పెద్దమనిషి.
కడ్డీ నొక్కి వదిలాను, పదిసార్లు.
మూడో తీగ ఏడు సెంట్లు పైనే ఉండిపోయింది.
తప్పు స్ప్రింగులది కాదు,
పైన నట్టు గాడిలో తీగ ఇరుక్కుంటోంది.
మా అమ్మాయి డ్రాయింగు పెన్సిల్ ములుకు అరగదీసి
ఆ నల్లపొడి పూశాను.
రెండుకి దిగింది.
పది రూపాయల పెన్సిల్, అరవై వేల గిటారు.

దీన్ని మీటి వదిలేసి
కర్రకి చెవి ఆనించి వినాలి.
స్ప్రింగులు లోపల సన్నగా సణుగుతుంటాయి,
పక్కింట్లో ఎవరో స్టీలు గిన్నెలు సర్దుకుంటున్నట్టు.
నాకిష్టం. రికార్డింగు వాళ్లకి కాదు.

రెండోది పెద్ద రోలరుది, డొల్ల ఒళ్లు.
ఊగిస్తే కిటికీ తెర కదిలినంత.
నాదం అడగండి, చెప్తాను,
శ్రుతి మాత్రం అడక్కండి.

మూడోది లాకింగు. హెప్సిబాది.
తీగని రెండు చివర్లా పీక పట్టుకుంటుంది.
కడ్డీ అడుగంటా తొక్కినా,
తీగలు బట్టలారేసే తాళ్లలా వేలాడినా,
వదలగానే సున్నా.
పదికి పదిసార్లూ సున్నా.
నాదమే కాస్త పలచన,
నీళ్లెక్కువైన మజ్జిగ.
లోపలి చవక దిమ్మ తీసేసి ఇత్తడిది వేస్తే
కొంత చిక్కబడింది. కొంతే.

అయినా ఆమె వచ్చింది అందుకు కాదు.
ఈస్టరు తెల్లవారుజామున, గుణదలలో,
రెండో చరణం మధ్య ఒకటో తీగ తెగింది.
ఒక్కటి తెగితే ఇక స్ప్రింగులదే రాజ్యం.
మిగతా అయిదూ ఒక్కసారి పైకెక్కి కూర్చున్నాయి.
ఏ కార్డ్ పట్టినా కొట్లాటే.
అరచెయ్యి తీగల మీద ఆన్చి నిలబడిందట.
జనం ఆగలేదట,
ఎవరి శ్రుతిలో వాళ్లు పాడేసుకున్నారట.
"పదేళ్లు ఒక్క సెంటు తప్పలేదన్నా.
తప్పిన రోజు మొత్తం తప్పింది."

మామయ్య దగ్గర్నుంచి తెచ్చిన పనసముక్క ఉంది,
వీణ కుండ తొలిచినప్పుడు మిగిలింది,
ఇంకా పసుపుపచ్చగా.
చీరి, గీసి, ఉప్పుకాగితంతో రుద్ది,
దిమ్మకి స్ప్రింగుల వైపు బిగించాను.
ఇక కిందికి వంగుతుంది, పైకి లేవదు.
కటింగ్ ప్లేయర్ తీసుకుని
ఒకటో తీగని కావాలనే కత్తిరించాను.
హెప్సిబా కళ్లు మూసుకుంది.
ట్యూనరు చూశాను:
అయిదూ ఉన్నచోటే.

నాదంలో కూడా ఏదో చేరింది.
పనసదో, నా భ్రమో.
ట్యూనరు శ్రుతి చెప్తుంది గానీ
ఇది చెప్పదు.

"అయితే పైకి ఊపడం ఇక లేనట్టేగా?"
లేనట్టే.
కత్తిరించిన తీగ ఖర్చు నాదన్నాను.
ఆమె వినలేదు.
అంతలో కరెంటు పోయింది, ఫ్యాను ఆగింది,
యాంప్ ఎర్రదీపం ఆరింది.
చీకట్లో, రెండో తీగ మీద,
వేలితో పక్కకి లాగుతోంది,
మెల్లిగా,
ఎంతవరకు పోతుందో చూద్దామని.