కొలత తప్పిన షత్రంజి

పేరు రాయాల్నట కాగితం మీద.
మెడికల్ కాలేజీ పిల్ల ఫర్హీన్
మట్టెవాడ నుంచి స్కూటీ మీద వచ్చింది.
మగ్గం గుంతల కాళ్ళు పెట్టుకొని నేను,
గడప కాడ కలం పట్టుకొని ఆమె.

నలభై ఏండ్లు నేసిన.
సొసైటీ ముద్ర తప్ప
నా షత్రంజి మీద ఎన్నడు పేరు పడలె.
పెండ్లిళ్ళల్ల కూసున్నరు, సావుల కాడ కూసున్నరు,
మీటింగులల్ల చెప్పులిడిసి కూసున్నరు,
కింద ఎవలున్నరని ఎవ్వలు అడగలె.

వణుకుడు రోగం మీద పరిశోధనట.
ఎవరి చేతిపని వాళ్ళు ఇస్తె
హన్మకొండల హాలుల పెట్టి అమ్ముతరట.
"మందు దొరుకుతదా బిడ్డా?" అన్న.
పిల్ల అబద్ధమాడలె.
"ఏమో అమ్మా. అంకుల్ కాలానికి కాకపోవచ్చు."
అరుగు మీది మా చంద్రమొగిలి నవ్విండు.
నవ్వంటె, ముఖం కదలదు ఇప్పుడు,
కండ్ల కొసల కాడ జరంత తెలుస్తది.
నాకే తెలుస్తది.

కొత్తవాడల డిజైన్లన్ని ఒకప్పుడు ఆయన చేతియే.
గళ్ళ కాగితం మీద పెన్సిల్ పెడితె
దారం ఎటు మళ్ళాల్నో
కండ్లు మూసుకొని నేసేదాన్ని.
ముందుగాల బొటనవేలు.
ఊకె చూపుడువేలును రాసుకుంట ఉండేది.
"పోగుకు పురి పెడుతున్నవా" అని నవ్విన నేను.
అదే పురి. ఇగ విప్పుకోలె.
తర్వాత అక్షరాలు చిన్నగైనయి.
రేషన్ దుకాణంల సంతకం చీమంత,
పై నెలకు చీమ తలకాయంత.
తర్వాత అంగీ గుండీలు.
తర్వాత అన్నం ముద్ద.

ఏమిద్దామని అడిగిన.
బీరువల ఉన్నది ఒకటి, పోటీకి నేసిన నెమలి షత్రంజి.
తల ఊపిండు.
ఔననో కాదనో చెప్పుడు కష్టం ఆ తలతోని.
కాగితం తెమ్మన్నడు.
పొద్దంత గీసిండు.
ఒక్కటే గీత.
ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగ పోవాల్సిన నల్లగీత
ఎక్కుకుంట దిగుకుంట,
ఒక గడిల ఆగి, రెండు గడులు దుంకి,
ఎండబోసిన బియ్యంల కోడి నడిచినట్టు.

నేసిన.
తిన్నగ పోవుడు నా చేతులకు పుట్టుకతోని వచ్చింది,
వంకర నేర్చుకోవాల్సొచ్చింది.
పదకొండో గడిల మూడు పోగులు మీదికి,
పన్నెండుల ఐదు కిందికి,
పంజా కొట్టినప్పుడల్ల
చెయ్యి సాపుకే గుంజింది.
ఒకనాటి రాత్రి నిద్రమబ్బుల
జానెడు గీత సక్కగ నేసిన.
పొద్దుగాల ఆయన వేలు పెట్టి చూపిండు.
ఆ వేలు నిలువలె,
అయినా తప్పిన తావుకే మల్ల మల్ల వచ్చింది.
విప్పిన. రెండు దినాల కూలి పాయె.

హాలుల గోడకు వేలాడదీసిండ్రు.
కాళ్ళ కిందిది కండ్ల ఎదుటికి వచ్చె.
పక్కన పెంబర్తి ఇత్తడి పళ్ళెం,
ఎవరో బడిపిల్లలు చేసిన కాగితపు పిట్టలు.
చీటి మీద నా పేరు అచ్చేసి ఉన్నది, ఎలగందుల ఉపేంద్ర.
నేను కలం తీసి ఆయన వేళ్ళ నడుమ పెట్టిన.
దగ్గరికి పోయి వంగి చూస్తెనే
అక్కడ ఇంకో పేరున్నదని తెలుస్తది.

కండ్లద్దాలాయన ఒకడు వచ్చి
"నేత తప్పింది కదా, ఏమన్న తగ్గిస్తరా?" అన్నడు.
ఫర్హీన్ నోరు తెరిచేలోపల నేనే అన్న:
"లెక్కవెట్టి తప్పిన సారు.
ఒక్క పోగు గూడ ఎక్కువ తప్పలె, తక్కువ తప్పలె."
ఆయన పోయిండు.

పొద్దుమీకినంక ఒకామె,
కుడిచెయ్యి కొంగుల దాసుకొని నిలబడ్డది.
చానసేపు చూసింది.
చెయ్యి బయటికి తీసి గీత మీద పెట్టింది.
ధర చదివింది,
మల్ల కొంగుల దాసుకొని పోయింది.

అమ్ముడుపోయిందని వారం దినాలకు ఫోనొచ్చింది.
ఆ పైసలు ఏ సీసలకు పోతయో, ఏ కాగితాలకు పోతయో,
ఎవరి మనుమని చేతికాడికి చేరుతయో నాకెరుక లేదు.
ఆయన అంగీకి ఐదు గుండీలు.
రాత్రి విప్పిన.
పొద్దుగాల పెట్టాలె.