నీడకు కొటేషన్

టూసాన్‌లో అక్టోబరు.
నీవెస్ బరేలా గారి పెరట్లో
సాయంత్రం నాలుగున్నరకి టేపు విప్పాను.
ఆ వేళకే రమ్మంది ఆవిడ.
"పొద్దున వస్తే నీకేం తెలుస్తుంది,
ఎండ ఎక్కడ కరుస్తుందో?"

గోడ వెంట పద్దెనిమిది అడుగులు,
బయటికి పన్నెండు.
రెండువందల పదహారు చదరపు అడుగుల నీడ.
ఇరవై మూడేళ్లుగా నేనమ్మే సరుకు అదే.
నాకు పెరడు లేదు.
మూడంతస్తుల మేడలో నడిమి వాటా,
కిటికీ తెరిస్తే ఇంకొకరి కిటికీ.

ఆవిడ కాఫీ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది.
పెళ్లిగౌన్ల నడుములు బిగించి, వదులు చేసి,
మళ్లీ బిగించి కూడబెట్టినవి
ఏడువేల ఆరువందలు.
"దీని మీద ఒక్క డాలరు పైకి పోయినా
నాకు కప్పూ వద్దు, నువ్వూ వద్దు."

ఖర్చన్నది తడిసి మోపెడవుతుందని
వాన పడని ఊళ్లో కూడా అందరికీ తెలుసు.

సిమెంటు పలకకి రెండువేల మూడువందల డెబ్భై ఆరు.
మూడు స్తంభాలు, పునాది గుంతలతో సహా
ఎనిమిదివందల డెబ్భై.
దూలం, వాసాలు పద్నాలుగువందల ఎనభై.
నగరం వాళ్ల అనుమతికి మూడువందల పది.
కూలి పదకొండువందల నలభై.
ఇక్కడ నేను కొంచెం దగ్గాను.

కప్పు దగ్గరకొచ్చాక నా పాత పాట ఎత్తుకున్నాను:
నురగ నింపిన పలకలు వేయించుకోండి,
మూడువేల ఇరవై నాలుగు,
వేడి దిగదు, వాన పడినా చప్పుడుండదు.

"చప్పుడుండదా?"
కళ్లజోడు తీసి చూసింది,
జిప్పు తలకిందులుగా కుట్టిన పనిపిల్లని చూసినట్టు.
"పడేదే ఎప్పుడో ఒకసారి.
అదీ వినపడకుండా చెయ్యడానికి
పదహారువందల ఇరవై ఎదురివ్వాలా నేను?"

రేకు అని రాశాను. పద్నాలుగువందల నాలుగు.
మొత్తం ఏడువేల ఐదువందల ఎనభై.
ఇంకా ఇరవై మిగిలింది.
పెన్నుకి మూత పెట్టబోతున్నాను.

పడమటి స్తంభానికి గుర్తు గీసిన చోట
మన్ను కదిలింది.
బొరియ నోట్లోంచి ఒక తల,
ముడతల మెడ, తొందర లేని కళ్లు.
ఎడారి తాబేలు.
"రుఫీనా," అందావిడ.
"చలికాలానికి పడుకోబోతోంది.
ఈ ఇంట్లో నాకంటే ముందునుంచీ ఉంది.
దాని మంచం మీద గుంత తవ్వుతావా?"

స్తంభం రెండడుగులు జరగాలంటే
దూలం బరువెక్కాలి. నాలుగువందల పది.
ఏడువేల తొమ్మిదివందల తొంభై.
డబ్బా మూత మీద ఆవిడ వేళ్లు ఆగిపోయాయి.

చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.
పక్కింటి కూలరు తిరుగుతోంది.
తాబేలు ఒక ఆకు గురించి ఆలోచించి, ఆలోచించి,
తినేసింది.

అప్పుడావిడ లోపలికెళ్లి కుట్టుసుద్ద తెచ్చి
నా కాగితంలో ఒక మూల కత్తిరించినట్టు గీసింది.
ఆరడుగులు ఇటు, ఆరడుగులు అటు.
"ఇక్కడ సిమెంటు పొయ్యకు.
మట్టి మట్టిగానే ఉండనీ."

ముప్పై ఆరు అడుగులు, అడుగుకి పదకొండు చొప్పున
మూడువందల తొంభై ఆరు తగ్గింది.
తాబేలు ఖర్చు తాబేలే పెట్టుకుంది.
మిగిలిన ఆరు డాలర్లు కూడా
కింద విడిగా రాయించుకుంది,
"నీకు గుర్తుండదు" అంటూ.

ఫిబ్రవరిలో రేకు బిగించాం.

జూలైలో ఒక రాత్రి ఫోను మోగింది.
నడిమి వాటాలో వాన నాకెప్పుడూ ఒక కబురే,
తడిసిన కార్లని చూసి పొద్దున తెలుసుకునేది.
ఫోనులో మాట లేదు.
రేకు మీద ఎవరో గుప్పెళ్లతో, ఆ తర్వాత బస్తాలతో
చిక్కుడు గింజలు గుమ్మరిస్తున్నారు.
దుప్పటి పక్కకి నెట్టి కూర్చున్నాను.

"ఎక్కడైనా కారుతోందా అండీ?" అని అరిచాను.
ఆవిడకి వినపడలేదు.