ముప్పై మూడో స్లైడు

దెబ్రెత్సెన్‌లో నవంబరు. నాలుగింటికే చీకటి.
ట్రేలో ఇంకా నలభై స్లైడ్లు.
ఇద్దరి పని ఇప్పుడు నా ఒక్కదానిదే.
లోరాంద్ గ్రాజ్ వెళ్లిపోయాడు,
అక్కడ జీతం మూడింతలట, కిటికీలోంచి కొండ కనిపిస్తుందట.
పోతూ పోతూ తన కుర్చీ నాకిచ్చాడు, నడుముకి మంచిదని.

సర్జన్ గదికి పూలొస్తాయి.
ఒకప్పుడు కవర్లూ వచ్చేవి, చేతిలోంచి జేబులోకి.
వద్దని చట్టమొచ్చాక చాక్లెట్లు.
నాకెవరిస్తారు?
నా రోగులు నాకు గోరంత ముక్కలు,
ఊదా, గులాబీ మరకలు.
నేనొకదాన్ని ఉన్నానని వాళ్లకి తెలీదు.

బల్ల మీద పై ఆఫీసు కాగితం:
మీ ఉద్యోగంలో మీకెంత తృప్తి?
ఒకటి నుంచి పదిలో ఒక అంకె చుట్టూ సున్నా చుట్టండి.
చూసుకోకుండా కాఫీ కప్పు దాని మీదే పెట్టాను.
తడి అడుగు నాలుగునీ ఐదునీ ఆరునీ
కలిపి చుట్టేసింది.
అలాగే పంపించేస్తాను.

ముప్పై మూడోది. కెలెమెన్ యుదిత్,
ముప్పై ఒకటేళ్లు, ఎడమ రొమ్ము.
లెన్సు మార్చాను. మళ్లీ మార్చాను.
అలిసిన కన్ను లేనిది చూస్తుంది,
ఉన్నది వదిలేస్తుంది.
లేచి, మొహం కడుక్కొచ్చి,
మొదటినుంచి చూశాను.
ఆ పావుగంట ఏ జీతం చీటీలోనూ ఎక్కదు.

మామూలు గడ్డే.
సంతకం పెట్టాను.

ట్రామ్‌లో నా పక్కన ఒకావిడ, ఒళ్లో ఉల్లిపాయల సంచి,
ఫోనులో ఎవరినో తిడుతూ నవ్వుతోంది.
ఆమే కావచ్చు. కాకపోవచ్చు.
రేపు పొద్దున్న ఎవరో ఫోను చేసి చెప్తారు,
నా పేరు రాదు.

నా చేతులు ఫార్మలిన్ వాసన.
ఆవిడ కాస్త అవతలికి జరిగింది.