కాలవ కట్టేసిన నెల

ఏప్రిల్ ఆఖర్న షట్టర్లు దింపి తాళం వేశాక
లాకు లస్కరుకి పనేముంటుంది?
గేజీ కర్ర మీద అంకెలు ఒక్కొక్కటీ బయటపడ్డాయి.
మూడో రోజుకి గుర్రపుడెక్క నల్లబడింది.
నాలుగో రోజు పూడిక తీసే పొక్లెయిను గీరుకుంటే
బురదలోంచి ఒక హ్యాండిలు లేచింది,
దున్నపోతు కొమ్ముల్లా.

ఏసుబాబూ నేనూ మోకు కట్టి లాగాం.
ఆరెక్స్ వంద.
ట్యాంకు నిండా నత్తలు,
సైలెన్సర్లో ఒక బొమ్మిడాయి, బతికే ఉంది.
స్టేషన్‌కెళ్లి రాయించాను.
ఛాసిస్ నంబరు తుప్పు తినేసింది. రైటరు
కాయితం మడిచి "ఎవరన్నా వస్తే చెబుతాంలే" అన్నాడు.
ఏడాది చూశాను.
మళ్లీ కాలవ కట్టేశారు.
అప్పుడు పట్టాను రెంచి.

పిస్టను బిగుసుకుపోయింది.
డీజిలూ కిరసనాయిలూ కలిపి పోసి
తొమ్మిది రాత్రులు నానబెట్టి
సరుగుడు దిమ్మ ఆనించి తట్టితే
పదో నాడు కదిలింది,
పిప్పిపన్ను ఊడినట్టు.

తుప్పు గీకి, సిలిండరు బల్బుకి ఎత్తి చూస్తే
పొగ పోయే కిటికీ పై అంచున
ఆకురాయి గీతలు.
కంపెనీవి కావు, చేతివి.
ఎడమ పక్క లోతు, కుడి పక్క తేలిక.
ఎవడో ఎడమచేతి వాటం వాడు
ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ
అన్నం చల్లారిపోయినా రాస్తూ కూచుని ఉంటాడు.

ఆ కిటికీ పైకి జరిపితే ఏమవుతుందో నాకు తెలుసు.
పై వేగంలో బండికి పూనకం,
కింది వేగంలో కాళ్లు లాగేస్తాయి.
ఎగువోళ్లు నీళ్లన్నీ తాగేస్తే
శివారు చేలు నెర్రెలిచ్చినట్టు.
శివారు రైతుల తిట్లు తినే ఉద్యోగం నాది,
నాకు తెలియదా.

మలుపుకో వంతెన, వంతెనకో గేదెల మంద.
ఈ గట్ల మీద అంత వేగం ఎక్కడ ఖర్చుపెట్టాడు?
చించినాడ వంతెన ఒక్కటే తోచింది.
అర్ధరాత్రి దాటాక, ఈ చివర నుంచి ఆ చివరికి.

పాలకొల్లులో లేతు జిలానీ
లోపల వేలు పెట్టి తడిమి
"ఎవడో పాడుచేశాడు. వేరే బ్లాకు తెప్పిస్తాను,
ఇది కాటాకేసెయ్" అన్నాడు.
వద్దన్నాను.
తీసిన ఇనుము తిరిగి రాదు, నిజమే.
"బోరు చేసి, అడుగున సగం మిల్లీ కొయ్యి.
కిటికీ దానంతటదే కిందికి దిగుద్ది.
ఆ గీతల జోలికి మాత్రం వెళ్లకు."
నా మొహంకేసి ఒకసారి చూసి
లేతు ఆన్ చేశాడు.

మిగిలింది కార్బొరేటరు.
గాలి మర పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్టు వెనక్కి.
అక్కణ్ణుంచి చెవే కొలత.
పావు చుట్టు, దగ్గింది.
అరపావు, సర్దుకుంది.
షట్టరు చక్రం ఒళ్లంతా వేసి తిప్పే చెయ్యి,
మునివేళ్లతో తిప్పడం నేర్చుకోడానికి
రెండు ఎండాకాలాలు పట్టింది.
ప్లగ్గు తెల్లగా ఉంటే ఆకలి, నల్లగా ఉంటే అజీర్తి,
తాటిబెల్లం రంగు తేలాలి.
తేలింది, ఒక ఆదివారం
చర్చి రెండో గంట కొట్టేలోపు.

వంటింట్లోంచి మా సువార్త అడిగింది:
"ఆగిపోయిందా?"
లేదు. నడుస్తోంది.
అంత మెల్లగా.

పక్క డొక్కు తుడుస్తుంటే లోపలి వైపు
మేకుతో గీసిన అక్షరాలు:
12-6-04 ఆయిలు మార్చాను
గేరు నూనె తక్కువ పోయకు

ఎవరికి చెప్పాడు? తనకి తనేనా?
కొలత చూసుకున్నాను.
తక్కువే పోశాను.
ఇంకొంచెం పోశాను.

కాలవ వదిలే ముందు రాత్రి
చించినాడ మీదికి తీసుకెళ్లాను.
నలభైలో, పెళ్లికొడుకుని దింపుతున్నట్టు నడిపాను.
నడిమధ్యన ఒక్కసారి
యాక్సిలేటరు చివరికంటా తిప్పాను.
గీతలు లేచాయి.
కింద వశిష్ఠ ఉందో లేదో తెలియలేదు,
హ్యాండిలు ఎడమవైపుకే లాగుతున్నట్టుంది కాసేపు.

జూన్ ఒకటిన షట్టరు ఎత్తాను.
ఎర్రనీళ్లు, నురగ, కొబ్బరి డొక్కలు
ఆ బురద గుంటని కప్పుకుంటూ పోయాయి.
చూస్తూ నిలబడి గేజీ రాయడం మర్చిపోయాను.
ఏఈ గారు ఫోన్లో అడిగితే
ఇరవై ఏళ్ల సర్వీసులో మొదటిసారి
ఉజ్జాయింపుగా ఒక అంకె చెప్పాను.