పది సెకన్లు

ఈ మిషనుకి ఇక కొత్తది రాదని
విండోస్ తెర మీద ఒక నీలం కాగితం అతికించి పోయింది.
ఇల్లు ఖాళీ చెయ్యమనేవాడైనా
గుమ్మంలో నిలబడి ఒకసారి దగ్గుతాడు.

పొద్దంతా పర్లాకిమిడి కోర్టు ఎదుట, రేకుల కింద
ఒడియాలో అర్జీలు కొట్టే వేళ్ళు నావి.
ఇంటికొస్తే ఈ పాత డబ్బా.
కరెంటు బిల్లు, హైమ లెక్కల పాఠాలు,
మా ఆయన కొమ్ము దువ్వెనల ఖాతా,
గీతకి అవతల, పాతపట్నం వైపు
పెద్దత్తకున్న పదిహేను సెంట్ల కోసం
తెలుగులో ఏడాదికి నాలుగు దరఖాస్తులు.
కొత్తది కొనాలంటే ఎన్ని దువ్వెనలు తీర్చాలో
ఆయనే లెక్కేసి, నవ్వి,
మళ్ళీ ఆకురాయి అందుకున్నాడు.

బిసోయి వాళ్ళ సిబారాం వచ్చాడు,
జేబులో నాలుగు పెన్‌డ్రైవులతో.
డెబియన్, ఉబుంటు, మింట్, ఫెడోరా.
"ఏటి తేడా?" అంది పెద్దత్త కూర్మావతి.
"డెబియన్‌లోంచి ఉబుంటు, ఉబుంటులోంచి మింట్, మామ్మా."
"అయితే ఒకటే పిండి, పెనాలు ఏరు.
మరి నాలుగోది?"
"దాని రుబ్బురోలే వేరు."

ఎక్కించకుండానే చూడొచ్చట.
గోడకి ఒక్క మేకు కొట్టకుండా
నాలుగు రోజులు కాపురం ఉండి చూడడం.

మొదటి రాత్రి డెబియన్‌లో
మా ఊరి పేరు తెలుగులో కొట్టాను.
వరసగా ఖాళీ గళ్ళు,
జనం లేచిపోయిన వీధిలా.
"ఫాంట్లు వెయ్యాలి, అంతే" అన్నాడు.
ఆ అంతేకి పదకొండయింది.
అప్పుడు ర కింద ల వత్తు వచ్చి
కుదురుగా కూర్చుంది.
చూసుకోడానికి మళ్ళీ మళ్ళీ కొట్టాను.

ఉబుంటు అందగాడే,
మా డబ్బా ఊపిరికి మెట్లు ఎక్కువ.
ఫెడోరా చురుకు. ప్రింటరు వైపు మాత్రం
తలెత్తి చూడలేదు.
అందులోనే పెద్దత్త దరఖాస్తు రెండు పేజీలు కొట్టాను,
సర్వే నంబరుతో సహా.
కరెంటు పోయింది.
వచ్చాక చూస్తే ఏమీ లేదు.
చూడ్డానికి ఉన్నప్పుడు రాసింది
మిగలదని చెప్పడం సిబారాం మరిచాడు.

పెద్దత్త కోప్పడలేదు. చీకట్లోనే అంది:
"మా అయ్యకి ఎవులు సెప్పినారు, ముందర సూసుకోమని?
గొలుసులు అట్టుకొని వొచ్చినారు.
తెల్లారీసరికి ఇల్లు ఇటు, మడిసెక్క అటు.
మేకు దిగిపోనాది."

మింట్‌లో హైమకి ఏదీ చూపించక్కర్లేకపోయింది.
పాత మీట పాత మూలలోనే ఉంది.
ప్రింటరు కాసేపు గునిసి, మూలిగి,
కరెంటు బిల్లుని కొంచెం వంకరగా కక్కింది.
నాకు అది చాలు.
సిబారాం ముఖం మాత్రం చిన్నబోయింది.
వాడి మనసంతా డెబియన్ మీదే,
కష్టపడి తెరిచిన తలుపు కదా.

"రెండూ ఉంచేద్దాం అక్కా" అన్నాడు చివరికి.
డిస్కు మొత్తం ఒక పొడుగాటి పట్టీలా తెర మీద పరిచి
మధ్యలో గీత చూపించాడు.
దీన్ని ఎటైనా జరపొచ్చు. దేనికెంత?
నేను నోరు తెరిచేలోపు
పెద్దత్త మౌస్ మీద చెయ్యి వేసింది.
ఇటు జరిపింది, అటు జరిపింది,
కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ ఇటు.
టీ చల్లారింది. మేమెవరం తొందరపెట్టలేదు.

ఇప్పుడు బటన్ నొక్కగానే
నల్లటి తెర మీద రెండు పేర్లు, కింద ఒక అంకె.
పది సెకన్లలో మనం చెప్పకపోతే
మొదటిదాన్ని అదే తీసుకుంటుంది.
పెద్దత్త మంచం మీంచి పైకే లెక్కపెడుతుంది,
బడిలో నేర్పిన ఒడియాలో:
దొశొ, నొఒ, ఆఠొ, సాతొ...
మూడు దగ్గరికొచ్చేసరికి కంగారుపడి
తెలుగులో పడిపోతుంది.