కప్పు మాట్లాడుతాంది

పాత కంప్యూటర్ అమ్ముతూ లక్ష్మీనగర్ షాపాయన అన్నడు,
"ఆటలకు ఆగదమ్మా, వేడెక్కుతది."
వేడెక్కింది.
ఆ ఫ్యాన్ మూలుగుడు కూడా
ఆటల భాగమే అనుకున్న మొదటి రాత్రి.

ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ. క్వార్టర్ గోడకు చెమ్మ.
రెండో షిఫ్ట్ బస్సు వచ్చిపోయింది.
తెర మీద ఒక పిల్ల, పేరు లేదు.
చేతుల లాంతరు, లాంతర్ల గుక్కెడు నూనె.
అన్నను ఎతుక్కుంట
మునిగిపోయిన ఊరి కిందికి దిగుతాంది.

కత్తి లేదు. తుపాకి లేదు.
ఉన్నదల్లా వత్తి పెంచుడు, వత్తి తగ్గించుడు.
పెంచితే దారి కనపడతది, దానికి నువ్వూ కనపడతవు.
తగ్గిస్తే అది నిన్ను చూడదు,
నీ చెయ్యి నీకే కనపడదు.
ఇంత చిన్న లెక్కల ఇంత భయం దాసినోళ్ళెవరో,
వాళ్ళ చేతులకు మొక్కబుద్ధయింది.

తలుపు సాటు నుంచి దుంకి అరిచే చవుక దయ్యం కాదు.
మూడు రాత్రులాడినా మొఖం చూపెట్టలే.
తడి గోడ మీద గోటి గీతలు.
సగం కాలిన హాజరు పుస్తకం, అందుల
నలభై ఒక్క పేర్లు,
నలభై టిక్కులు.

నాలుగో రాత్రి మంచినీళ్ళకు లేచిండు బాపు.
ముప్పై ఒక్క ఏండ్లు బాయిల టింబర్‌మ్యాన్.
చెంబు పట్టుకొని నా కుర్చీ ఎనుక నిలవడ్డడు.
ఏందిది అని అడగలే.
"ఆగు" అన్నడు.
"ముందటికి పోకు. కప్పు మాట్లాడుతాంది."

హెడ్‌ఫోన్ పీకి స్పీకర్ పెట్టిన.
నాకు ఇనపడ్డది నీటి చుక్క.
బాపుకు ఇనపడ్డది చుక్కకూ చుక్కకూ నడుమ
ఎండు దుంగ పండ్లు కొరికిన సప్పుడు.
నేను ఆగిన. పిల్ల ఆగింది.
రెండడుగుల అవతల సొరంగం కూలింది.

"ఇది చేసినోడు బాయిల దిగినోడే."
కాదు బాపూ, ఏదో మంచు దేశంల ముగ్గురు దోస్తులట.
"అయితే వాళ్ళ ఇంట్లెవలో దిగుంటరు."

లాంతరుతో గోడను తట్టే మీట ఒకటుండె,
దేనికో తెల్వక ఇడిసిపెట్టిన.
బాపు ముట్టిచ్చిండు.
"గట్టి కప్పు గంట లెక్క మోగుతది,
బోలు కప్పు డప్పు లెక్క. తట్టుకుంట పో."
తట్టుకుంట పోయినం.
ఎన్నడూ చెప్పని ముప్పై ఒక్క ఏండ్ల కొలువు
ఒక మీట మీద నేర్పిండు.

ఆఖరి మెట్టు కింద అది మొఖం తిప్పింది.
కోరల్లేవు.
టిక్కు పడని నలభై ఒకటో మనిషి.
మీది నుంచి ఎతుకుడు ఆపిన దినం నుంచి
ఎక్కడ ఎలుగు కనపడితే అక్కడికి ఉరికొస్తాంది.
ఇన్ని రాత్రులు మేం దాక్కున్నది
తోవ అడుగుదామని వచ్చెటోని నుంచి.
ఆ మనిషి మెడల, నానిన తాడుకు,
చెల్లె కట్టిన పూస.

బాపు చెంబు కింద పెట్టిండు.
"కొంరయ్య" అన్నడు.
అంతే. ఆ పేరుకు ముందట ఏం లేదు, ఎనుక ఏం లేదు.
నేను అడగలే.

ఆట రెండు తోవలిచ్చింది.
లాంతరు వానికిచ్చి చీకట్ల నువ్వు ఎక్కు,
లేదా లాంతరుతో ఎక్కు, వాన్ని చీకటికి ఇడిసిపెట్టు.
మౌస్ బాపు చేతికిచ్చిన.
బొగ్గు నీలం దిగిన వేళ్ళు
దాని మీద పిట్టను పట్టుకున్నట్టు ఆగినయి.
వత్తలే.
నూనె సగమయింది. పావయింది.
"బాపూ, జల్ది." వత్తలే.

తెర నల్లగయింది.
కంప్యూటర్ కాలిపోయిందనుకున్న.
కాదు, స్పీకర్ల ఊపిరి ఇనపడతాంది.
ఒకటి పిల్లది. ఇంకొకటి మెల్లగ,
దాని పక్కకొచ్చి కూసున్నది.
ఇద్దర్ల ఎవలూ ఎక్కని మూడో తోవ
ఎక్కడా రాయకుండ పెట్టిన్రు ఆ ముగ్గురు.

లైటెయ్యడానికి లేచిన.
బాపు నా మణికట్టు పట్టుకున్నడు.
"గిట్లనే ఉంటది లోపట" అన్నడు,
"జర సేపు ఉండనియ్యి."