మూడో చుక్క

శుక్రవారం సాయంత్రం నాలుగింటికి
కొర్లగుంటలో, మా రెండో అంతస్తులో
పిండి పొంగదు, కాళ్ళకు చుట్టుకుంటుంది.
కెజియా ఒక చెయ్యి, ఆషేరు ఒక చెయ్యి ముద్దలో ముంచి
తలుపుకీ ఫ్రిజ్‌కీ నా కుచ్చిళ్ళకీ
ఐదేసి వేళ్ళు అచ్చేశారు.
మూడు పాయలుగా అల్లాల్సిన రొట్టె
రెండు పాయలే మిగిలింది.
మూడోది ఎవరు తిన్నారంటే
ఇద్దరూ ఒకరి పొట్ట ఒకరు చూపించారు.

కెజియా ఆరు నిమిషాల పెద్దది.
ఆ పెద్దరికాన్ని పొద్దున్నే
సగం కొరికిన బిస్కెట్‌కి తమ్ముడికి అమ్మేసింది.
కొన్నవాడికి ఏం కొన్నాడో తెలీదు,
బిస్కెట్ వెనక్కిమ్మని గంటసేపు ఏడుపు.
"వాడు దాని మడమ పట్టుకునే పుట్టాడా అమ్మాయ్?"
గుంటూరు నించి అత్తయ్య
రెండేళ్ళుగా ఫోన్లో అడుగుతూనే ఉంది.
ఆ రాత్రి కాన్పుల వార్డులో
మడమలు చూసే ఓపిక ఎవరికుందత్తయ్యా.

కింది వాటా సెల్వక్క
కాపురానికొచ్చిన కొత్తలో ఒక్కటే ప్రశ్న అడిగింది:
"మీకూ శుక్రవారమేనా దీపం?"
మాకూ శుక్రవారమే అన్నాను.
అయితే సరే, అని అగ్గిపెట్టె అప్పిచ్చింది.
ఐదేళ్ళలో మళ్ళీ ఇంకేమీ అడగలేదు.
నేను బంగాళాదుంప అంటే
పిల్లలిద్దరూ నన్ను దిద్దుతారు, ఉర్లగడ్డ అని.
ఆ పాఠం ఆమెదే.

కొవ్వొత్తులు రెండూ వెలిగించి కళ్ళు మూసుకుంటాను.
అరచేతుల వెనక చీకటి,
వారం మొత్తంలో నా ఒక్కదానికే దొరికే గది.
ప్రార్థన అయిపోయింది.
ఇంకో పది లెక్కపెట్టుకుంటూ అందులోనే నిలబడ్డాను.
చప్పుడు లేదు.
మా ఇంట్లో చప్పుడు లేకపోవడమంటే
ఏదో కొంప మునుగుతోందని.
చేతులు తీసేసరికి
"హ్యాపీ బడ్డే" అంటూ నాలుగు బుగ్గలు ఉబ్బి ఉన్నాయి.
ఉఫ్.
ఒకటి ఆరింది.
సబ్బాతు వచ్చేసింది, మళ్ళీ గీయడానికి లేదు.
పొగ ఎటు పోయిందో వెతుక్కుంటూ
ఇద్దరూ మంచం కింద దూరారు.

ఓబద్యా క్యారేజ్ షాపు నించి వచ్చాడు,
ఎంత రుద్దినా గోళ్ళలో గ్రీజు.
రాత్రి నానేసి కాచిన కిస్మిస్ రసం గ్లాసులో పోసి
కుడిచెయ్యి కూతురి తల మీద, ఎడమచెయ్యి కొడుకు తల మీద
పెట్టబోయేలోగా వాళ్ళు చోట్లు మార్చుకున్నారు.
చేతులు అడ్డంగా పడ్డాయి.
"పర్లేదు,
మనవాళ్ళలో ఇదీ పాత అలవాటే" అని
అలాగే దీవించాడు.

తెల్లారితే శనివారం.
ఊరంతా దేవుడికోసం లైన్లో ఉంటుంది.
మాదీ శనివారమే,
కాకపోతే మేం ఎక్కడికీ వెళ్ళం.
చల్లారిన అన్నం, చల్లటి పప్పు,
వాషింగ్ మెషీన్ మీద రెండు రోజుల కుప్ప,
దానిమీద ఎక్కి బస్సు తోలే ఇద్దరు డ్రైవర్లు, ఒకటే స్టీరింగు.

చీకటి పడేవేళ మిద్దెక్కుతాం.
మూడు చుక్కలు కనిపిస్తే గానీ వారం మొదలవదు.
"చుక్క! చుక్క! చుక్క!"
ఆషేరు వేలు కొండవైపు.
అవి ఘాట్ రోడ్డు దీపాలు నాన్నా, ఆకాశంలో చూడాలి.
"యాడ?"
కెజియా లెక్కపెట్టింది: ఒకటి, రెండు, ఐదు.
అయిపోయిందట. కిందికి పోదామట.

నీళ్ళ ట్యాంకుకి ఆనుకుని కూర్చున్నాను.
ఎప్పుడు వాలారో, రెండు భుజాల మీదా రెండు తలలు.
ఒకటి సొంగ కారుస్తోంది,
ఇంకోటి నిద్రలో కూడా నా తాళి తాడు వదలలేదు.
మొదటి చుక్క. కాసేపటికి రెండోది.
కింద లవంగాలు, దాల్చినచెక్క సిద్ధం చేసుకుని
మెట్లమీంచి అడుగుతున్నాడు:
"వచ్చిందా మూడోది?"

సెల్వక్క కొబ్బరిచెట్టు మట్టల మధ్య
సన్నగా, స్పష్టంగా ఉంది.
బట్టల కుప్ప గుర్తొచ్చింది.
భుజాలమీది బరువు సర్దుకుని,
ఇంకా లేదు, అన్నాను.